చావు జరిగిన ఇంట్లో కలం, పాట, సూదీదారం: తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలులో మా ఇంటి వసారాలో ఆదివారం సాయంత్రాలు ఆరేడుగురం కూర్చుంటాం. అందరమూ ఎవరినో ఒకరిని పోగొట్టుకున్నవాళ్లమే. ఒకరు రాస్తారు, ఒకరు కుడతారు, ఒకరు ఏమీ చేయకుండా టీ తాగి వెళతారు. నేను తెలుగు పంతులమ్మగా పనిచేసి విరమించినదాన్ని, వైద్యురాలిని కాను. నా భర్త పోయిన తరువాత ఈ అలవాటు మొదలైంది. కొత్తగా వచ్చేవారూ, అనంతపురం, కడపల నుంచి ఫోను చేసేవారూ తిరిగి తిరిగి అవే సందేహాలు అడుగుతున్నారు కనుక జవాబులను ఒకచోట రాసి పెడుతున్నాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు.

## దినాలు పూర్తికాక ముందు

మనిషి పోయి ఇంకా దినాలు కూడా కాలేదు. ఇప్పుడే ఏమైనా రాయమంటారా?

వద్దు. వేళకు ఇంత తినడం, పడుకోగలిగినంతసేపు పడుకోవడం, మందులు వాడేవారైతే వాటిని మరచిపోకుండా ఉండటం, ఈ రోజులకు ఇంతే పని. అయితే ఒక్క చిన్న పని ఇప్పుడు కాకపోతే మళ్లీ కుదరదు. పరామర్శకు వచ్చినవారు పోయిన మనిషి గురించి మీకు తెలియని సంగతులు చెబుతారు: ఫలానా సంతలో ఎద్దులను బేరమాడిన కథ, చిన్ననాడు బడి ఎగ్గొట్టి చెరువులో ఈదిన కథ, ఎవరి పిల్లవాడికో గుట్టుగా ఫీజు కట్టిన సంగతి. వారిలో చాలామంది మళ్లీ మీ గడప తొక్కకపోవచ్చు. ఇంట్లో కాస్త నిబ్బరంగా ఉన్నవారి చేతికి ఒక నోటుపుస్తకం ఇచ్చి, ఎవరు ఏం చెప్పారో రెండేసి ముక్కల్లో రాసిపెట్టమనండి. అది రచన కాదు, జమాఖర్చు మాత్రమే. కొన్ని నెలల తరువాత మీరు స్వయంగా రాయడానికి కూర్చున్నప్పుడు ఆ పుస్తకం ఎంత పెద్ద ఆస్తో తెలుస్తుంది.

నాకు ఏడుపే రావడం లేదు. నాలో ఏమైనా లోపముందా?

లేదు. కొందరికి మొదటి రోజులు మొద్దుబారినట్లుంటాయి. కొందరికి ఆరు వారాల తరువాత గూట్లో కళ్లజోడు కనిపించినప్పుడు ఒక్కసారిగా వస్తుంది. కొందరికి ఏడుపు రాకుండానే దుఃఖం తీరుతుంది. కన్నీళ్లను ప్రేమకు కొలతగా పెట్టుకోవద్దు, పెట్టుకునేవారి మాట పట్టించుకోవద్దు.

మా జేజి రాగం పెట్టి ఏడ్చేది. చదువుకున్నవాళ్లు అదంతా నాటకం అంటారు. నిజమేనా?

నిజం కాదు. మన సీమ పల్లెల్లో దుఃఖానికి ఉన్న పాత కళారూపాల్లో అదొకటి, దాని కట్టుబాటు గమనించదగినది. మొదట వరుస పెట్టిన పిలుపు వస్తుంది: నాయనా అనో, అన్నా అనో, కొడుకా అనో. ఆ పిలుపును సాగదీసి, దానికి ఒక్కొక్క మాటను కడతారు. పోయిన మనిషి తవ్వించిన బావి, కట్టించిన ఇల్లు, చూడకుండా పోయిన మనవరాలి పెళ్లి, తినాలని అడిగి తినలేకపోయిన వంట, అన్నీ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. మధ్యలో నిష్ఠూరం ఉంటుంది: నన్నెవరికి అప్పజెప్పి పోతివి అని. ఒకామెకు ఊపిరి ఆగిన చోట పక్కనామె అందుకుంటుంది, అందుకున్నామె పదేళ్ల కిందట పోయిన తన బిడ్డను కూడా అందులో కలిపి ఏడుస్తుంది, ఎవరూ తప్పుపట్టరు. రాగం అందరికీ తెలిసినదే; మాటలు మాత్రం అప్పటికప్పుడు పుట్టవలసిందే. రాగం పట్టుకోవడానికి ఊతమిస్తుంది, మాటలు ఎవరి బాధను వారికి మిగులుస్తాయి. ఇంతకంటే మంచి రూపాన్ని ఏ పాఠశాలలోనూ నేర్పరు, నేను ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి ఈ మాట అంటున్నాను.

మగవారికి అదే పనిని భజన చేసేది. చావింట్లో తెల్లవార్లూ తాళాలు, హార్మోనియంతో తత్వాలు పాడే బృందాలు మన ఊళ్లలో ఇప్పటికీ ఉన్నాయి. ఇక పీర్ల పండుగ సంగతి వేరే చెప్పాలా? అనంతపురం జిల్లా నార్పల మండలంలోని గూగూడులో కుళ్లాయిస్వామి పీరు ముందు కులమతాలతో పని లేకుండా జనం చేరతారు. 680లో కర్బలాలో ప్రవక్త మనవడు హుసేన్‌కూ ఆయనవారికీ జరిగిన మరణాలకు మన పల్లెల్లో నేటికీ తెలుగులో పాట కట్టి పాడుతున్నారు. ఊరంతా కలిసి దుఃఖించడానికి ఏడాదిలో కొన్ని రోజులు కేటాయించుకున్న ప్రాంతం మనది. చదువులు, ఉద్యోగాలు, అపార్టుమెంట్లు వచ్చి రాగం పెట్టి ఏడవడం నామోషీ అయింది, దాని స్థానంలో మనం వేరేది ఏదీ పెట్టుకోలేదు. నోటుపుస్తకాలూ కుట్లూ ఆ ఖాళీలోకి వచ్చినవే.

ఏడాదిపాటు ఇంట్లో ముగ్గు, పాట కూడదంటారు. ఆ లోపల నేను పాడుకుంటే, బొమ్మ వేసుకుంటే తప్పా?

ఈ కట్టుబాటు కులాన్ని బట్టి, ఇంటిని బట్టి మారుతుంది కనుక మీ పెద్దలనే అడగండి. అయితే ఏ ఇంట్లోనైనా నిషేధం పండుగకూ శుభకార్యానికీ తప్ప శోకానికి కాదు. అలా అయితే చావింట్లో భజనే ఉండకూడదు కదా. వాకిట్లో ముగ్గు నలుగురికీ శుభాన్ని చాటుతుంది, నోటుపుస్తకంలో గీసుకున్న ముగ్గు ఎవరికీ ఏమీ చాటదు. పెద్దవారికి అభ్యంతరముంటే చప్పుడు లేని పనిని ఎంచుకోండి.

## మొదలుపెట్టేటప్పుడు

నాకు రాయడం రాదు, బొమ్మలు రావు, గొంతు అసలే బాగుండదు. నేనేం చేయాలి?

చేతికి ముందే తెలిసిన పనిని పట్టుకోవాలి. మా ఆదివారాలకు వచ్చే ఒక రైతు జీవితంలో బొమ్మ గీసినవాడు కాదు. తండ్రి పోయిన తరువాత అటక మీదున్న పాత గొర్రును దించాడు. చెనిక్కాయ విత్తనం ఇప్పుడు ట్రాక్టరుతో పడుతోంది, ఆ గొర్రుతో ఇక పని లేదు. అయినా పుచ్చిన కొయ్యను తీసి కొత్త తుమ్మకొయ్య చెక్కి బిగించి, ఇసుక కాగితంతో రుద్ది, నూనె పట్టించి, మూడు నెలలు దానితోనే గడిపాడు. తండ్రి చేయి పట్టిన చోట అరిగిన గుర్తును మాత్రం రుద్దకుండా వదిలేశాడు. ఎక్కడ రుద్దాలో ఎక్కడ వదలాలో తేల్చుకున్నాడు చూడండి, కళ అంటే అదే.

నైపుణ్యం గురించి ఒక చిన్న ఆధారం కూడా ఉంది. అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో గిరిజా కైమల్ బృందం 39 మంది పెద్దలకు 45 నిమిషాలపాటు రంగులు, మట్టి, కాగితాలు ఇచ్చి తోచింది చేయమన్నది. 2016లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం దాదాపు 75 శాతం మందిలో ఒత్తిడిని సూచించే కార్టిసాల్ తగ్గింది, అంతకుముందు కళలో అనుభవం ఉన్నా లేకపోయినా పెద్దగా తేడా లేదు. ఇది చిన్న అధ్యయనం, అందులో ఉన్నవారు చావును చూసి వచ్చినవారనీ కాదు. చేతకాదన్న భయాన్ని పక్కన పెట్టడానికి మాత్రం సరిపోతుంది.

రోజుకు ఎంతసేపు రాయాలి? ఎన్ని రోజులు?

ఎక్కువగా వినిపించే లెక్క 15 నిమిషాలు, 4 రోజులు. 1986లో జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు కళాశాల విద్యార్థుల చేత వరుసగా 4 రోజులు, రోజుకు 15 నిమిషాల చొప్పున తమకు తగిలిన పెద్ద దెబ్బ గురించి రాయించారు. రాసిన వెంటనే వారి మనసు మరింత బరువెక్కింది. జరిగినదాన్నీ దాని వెంట వచ్చిన బాధనూ కలిపి రాసినవారు తరువాతి నెలల్లో వైద్యం కోసం వెళ్లడం మాత్రం తగ్గింది. ఆ తరువాత వచ్చిన ఎన్నో అధ్యయనాలను కలిపి చూస్తే మేలు ఉంది కానీ స్వల్పం. పైగా భార్యనో భర్తనో పోగొట్టుకున్నవారి విషయంలో అలా రాయడం వల్ల దుఃఖం త్వరగా తీరుతుందని తేలలేదని 2002లో ప్రచురితమైన ఒక డచ్ అధ్యయనం చెప్పింది.

ఇదంతా నిజమే అయితే ఎందుకు రాయాలని మీరు అడగవచ్చు. దుఃఖం త్వరగా తీరడానికి నేను ఎవరినీ రాయమనడం లేదు. రోజులో దుఃఖానికి ఒక వేళ, ఒక చోటు ఏర్పడటానికి రాయమంటున్నాను. అందువల్ల ఎన్ని రోజులన్న దానికంటే ఎప్పుడు ఆపాలన్నది ముఖ్యం. ఫోనులో 20 నిమిషాలకు అలారం పెట్టుకోండి, మోగగానే వాక్యం మధ్యలో ఉన్నా ఆపి, లేచి, ముఖం కడుక్కోండి. రాత్రి పడుకునే ముందు మాత్రం రాయవద్దు. పొద్దుటి పూటో, సాయంత్రం దీపం పెట్టకముందో మేలు.

తెల్ల కాగితం చూస్తేనే భయం వేస్తోంది. ఏమని మొదలుపెట్టాలి?

బాధతో మొదలుపెట్టవద్దు, వస్తువుతో మొదలుపెట్టండి. నాన్న చొక్కా జేబులో ఏమేమి ఉండేవి? అమ్మ సంగటి ముద్ద చేసేటప్పుడు నీళ్లు ఏ చేత్తో చల్లేది? ఆయన బస్సు దిగి ఇంటికి వచ్చేటప్పుడు ఏ అంగడి దగ్గర ఆగేవాడు? ‘నేను చాలా బాధపడుతున్నాను’ అన్న వాక్యం తరువాత రెండో వాక్యం దొరకదు; ‘జేబులో ఒక బీడీ కట్ట, ఆర్టీసీ టికెట్టు ముక్క, రెండు చెనిక్కాయ గింజలు’ అన్న తరువాత వాక్యాలు వాటంతటవే వస్తాయి. పోయినవారిని ఏ వరుసతో పిలిచేవారో ఆ పిలుపుతో ఉత్తరంలా రాయడం కూడా చాలామందికి కుదిరింది.

మా అమ్మకు అక్షరాలు రావు. ఆమె ఏం చేయగలదు?

చెప్పగలదు. ఫోనులో రికార్డు చేసే సదుపాయం ఉంది. ఎదురుగా మీరు కూర్చొని వినాలి, ఫోనును ఆమె ముందు పెట్టి వెళ్లిపోకూడదు. మధ్యలో తేదీలు సవరించకండి. ఆమె పెళ్లి అయింది కరువు వచ్చిన ఏడు అంటే ఆ ఏడే.

ఫొటో ఒక్కటీ మిగల్లేదు. ముఖం మరచిపోతున్నానేమోనని భయంగా ఉంది.

ఈ భయం నాకు బాగా తెలుసు. 2009 అక్టోబరు మొదటి వారంలో తుంగభద్ర, హంద్రీ నదులు పొంగి కర్నూలును ముంచినప్పుడు మా ఇంట్లో నీళ్లు తీసిన తరువాత ఆల్బములు బురద అట్టలై కనిపించాయి. అందులో మా అమ్మవి ఉన్నవి నాలుగే ఫొటోలు. కొన్నేళ్లకు కళ్లు మూసుకుంటే ఆమె ముఖం నిలవడం మానేసింది.

ముఖాన్ని నేరుగా పట్టుకోవాలని చూస్తే అది జారిపోతుంది. పక్కదారిన వెళ్లాలి. నేను ఆమె చేతులతో మొదలుపెట్టాను: గాజుల వరుస, బొటనవేలి గోరు మీద ఉన్న గీత, పిండి కలిపేటప్పుడు చేయి తిరిగే తీరు. తరువాత నడక, దగ్గు, నన్ను పిలిచేటప్పుడు పేరును కుదించే తీరు. వీటిని రాస్తుంటే ఒకరోజు ముఖం దానంతటదే వచ్చింది, ఫొటోలో ఉన్నట్లు కాక, నన్ను కసురుకుంటున్నట్లు. బంధువుల పెళ్లి ఆల్బములు అడిగి చూడండి. మూలన నిలబడినవారిలో మీ మనిషి దొరకవచ్చు.

పోయినావిడ చీరలతో బొంత కుట్టుకోవచ్చా? దోషమేమైనా ఉందా?

చివరి ఘడియల్లో ఒంటి మీద ఉన్న బట్టను ఎవరూ ఉంచుకోరు, దాన్ని పద్ధతి ప్రకారమే వదిలేయండి. మిగిలిన చీరలను ఉతికి కట్టుకోవడం, కూతుళ్లు పంచుకోవడం చాలా ఇళ్లలో ఉన్నదే. పాత చీరలే బొంతకు మెత్తన. అందువల్ల ఆ చీరలతో కుట్టుకోవడంలో నాకు తెలిసి ఇబ్బంది లేదు.

ఇబ్బందులన్నీ కుట్టులోనే వస్తాయి. కత్తెర వేసేముందు అక్కచెల్లెళ్లనూ వదిననూ అడిగి తీరాలి. మా దగ్గరకు వచ్చిన ఒకామె అడగకుండా కోసిన ఒక్క చీర వల్ల చెల్లెలితో రెండేళ్లు మాటలు లేవు. ప్రతి చీరనూ కోసేముందు విప్పి ఫొటో తీసుకోండి. నూలు చీరలనూ పట్టు చీరలనూ ఒకే బొంతలో కలపవద్దు. ఉతికినప్పుడు రెండూ ఒకే తీరుగా ముడుచుకోవు, కుట్టు పీకుతుంది. ధర్మవరం పట్టు చీర ఉంటే దాన్ని కోయకుండా ఉంచి, అంచు మాత్రం పాడైతే దిండు గలేబుకు వాడండి. నూలు చీరలు నాలుగైదు నేల మీద ఒకదాని మీద ఒకటి పరిచి, నలుగురు నాలుగు మూలలా కూర్చొని, అంచు నుంచి లోపలికి చేతికుట్టు వేసుకుంటూ రావాలి. మిషను వద్దని నా అభిప్రాయం. మిషను మీద మధ్యాహ్నానికి అయిపోతుంది, మనకు కావలసింది అది కాదు. చేత్తో కుడితే వరుసకు వరుసకు మధ్య ఎవరో ఒకరు ఈ చీర ఎప్పటిదో చెబుతారు, కాదు ఫలానా పెళ్లినాటిది అని ఇంకొకరు వాదిస్తారు. అన్ని చీరలనూ ఒకేసారి వాడేయకండి. రెండు మిగల్చండి, వాసన కోసం.

## పని సాగుతున్నప్పుడు

రాసిన తరువాత బాధ రెట్టింపవుతోంది. ఆపేయాలా?

రాసిన పూట బరువుగా ఉండటం సహజం, అది గంటల్లో తగ్గుతుంది. అయితే రాసింది తిరిగి చదువుకోండి. నాలుగైదు రోజులుగా అదే వాక్యం, అదే ఆసుపత్రి వరండా, ‘ఆ రోజు ఇంకో డాక్టరు దగ్గరకు తీసుకెళ్లి ఉంటే’ అన్న అదే తర్కం తిరుగుతుంటే ఆ రాత మిమ్మల్ని ముందుకు నడిపించడం లేదు, గానుగెద్దులా తిప్పుతోంది. అప్పుడు రాత ఆపి చేతిపనిలోకి మారండి. లేదా ‘నేను’ అన్న మాట లేకుండా, ఎవరో ఒక స్త్రీ కథలాగా అదే రోజును రాయండి. నిద్ర, తిండి వారాల తరబడి చెడితే అన్నీ ఆపి వైద్యుణ్ణి కలవాలి.

దుఃఖానికి ఐదు దశలంటారు కదా, నేను ఏ దశలో ఉన్నట్లు?

ఎలిజబెత్ కూబ్లర్-రాస్ 1969లో ఆ దశలను వర్ణించింది ప్రధానంగా తమ చావును తాము ఎదుర్కొంటున్న రోగుల గురించి. తరువాత అవి అందరి దుఃఖానికీ మెట్లవరుసగా ప్రచారమయ్యాయి. మీరు మెట్టు తప్పారేమోనని దిగులు పడనక్కరలేదు. 1999లో మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ చెప్పిన తీరు మన అనుభవానికి దగ్గరగా ఉందని నాకనిపిస్తుంది: దుఃఖించే మనిషి కాసేపు పోయినదాని వైపు, కాసేపు బతుకు పనుల వైపు ఊగుతుంటాడు, ఆ ఊగడమే ఆరోగ్యం. పొద్దున ఏడ్చి సాయంత్రం కరెంటు బిల్లు కట్టి వచ్చారంటే మీరు సరిగానే ఉన్నారు.

పోయినాయన మీద నాకు కోపముంది. చచ్చిపోయినవాళ్ల గురించి చెడ్డగా రాయవచ్చా?

రాయవచ్చు. మన ఏడుపుల్లోనే నిష్ఠూరం ఉంది. శవం ముందు కూర్చొని తిట్టిన ఇల్లాలిని ఊరు ఎన్నడూ తప్పు పట్టలేదు, పదహారో రోజు తరువాత తిడితే మాత్రం నోరు మూయిస్తుంది. బోర్ల మీద బోర్లు వేసి, ఎవరికీ చెప్పకుండా వడ్డీకి తెచ్చి, కాగితాల మీద భార్య వేలిముద్ర వేయించి పోయిన మనిషి మీద కోపం రాకపోతేనే విచిత్రం. ఆ కోపాన్ని ఆయనకే ఉత్తరంగా రాయండి, మర్యాద చూసుకోకుండా రాయండి. మొత్తం ఖాళీ అయిన తరువాత కొన్ని వారాలకు ఆయన వైపు నుంచి జవాబు రాసి చూడండి. మాలో ఇద్దరికి ఆ జవాబు రాయడం సాధ్యపడింది, ఒకామెకు సాధ్యపడలేదు, ‘ఆయన దగ్గర జవాబు ఉంటే కదా’ అన్నది. అదీ సరైన ముగింపే.

మా ఇంట్లో జరిగింది ఆత్మహత్య. దాని గురించి రాయాలంటే వణుకు వస్తోంది.

ఒంటరిగా రాయవద్దు, పక్కన నమ్మకమైన మనిషి ఒకరు ఉండాలి. ఎలా జరిగింది, చివరి గంట ఎలా గడిచింది అన్న వైపు కలాన్ని పోనివ్వకండి. ఆ ఒక్క రోజు మిగతా నలభై ఏళ్ల జీవితాన్ని మింగేస్తుంది కనుక ఆ నలభై ఏళ్లనే రాయండి: ఆయన వేసిన జోకులు, నాటిన మామిడి చెట్టు, బిడ్డకు పెట్టిన ముద్దుపేరు. ‘ఎందుకు’ అన్న ప్రశ్నకు ఒక్క కారణం దొరకదు, అప్పుతో పాటు అనారోగ్యం, నిరాశ, అవమానం ముడిపడి ఉంటాయి. ఫోను ఎత్తకపోయిన మీ ఒక్క క్షణం కారణం కాదు. మీకే బతకాలనిపించకపోతే కాగితం పక్కన పెట్టి వెంటనే 14416కు ఫోను చేయండి. టెలి మానస్ అనే ఈ ప్రభుత్వ సేవ 2022 అక్టోబరు 10 నుంచి రాత్రింబవళ్లు ఉచితంగా నడుస్తోంది, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇవన్నీ చాలక డాక్టరు దగ్గరకు ఎప్పుడు వెళ్లాలి?

పోయినవారి కోసం తపన ఏమాత్రం తగ్గకుండా, ఇంటిపని గానీ ఉద్యోగం గానీ సాగనివ్వకుండా నెలల తరబడి ఉంటే వెళ్లాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల పట్టికలో దీర్ఘకాలిక శోక రుగ్మతకు కనీస గడువు 6 నెలలు. అమెరికా మనోవైద్యులు 2022లో తమ పట్టికలో పెద్దవారికి 12 నెలలు, పిల్లలకు 6 నెలలు అని పెట్టారు. తాగుడు పెరిగినా, బతకాలన్న కోరిక పోయినా ఆ గడువుల కోసం ఎదురుచూడకూడదు. కర్నూలు, అనంతపురం, కడపల్లో ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి.

## ఇంట్లోవాళ్లూ ఊళ్లోవాళ్లూ

మా ఆయన పోయి ఎనిమిది నెలలు. రంగులు ముందేసుకొని కూర్చుంటే అత్త, ఆడబిడ్డలు ‘అప్పుడే సరదాలా’ అంటున్నారు. ఏం చెప్పాలి?

వారి కంటికి రంగు అంటే సరదా, అందువల్ల మాటలతో గెలవలేరు. మీ అత్తగారు కూడా కొడుకును పోగొట్టుకున్న మనిషి అని గుర్తుంచుకొని, ఆయన చిన్నప్పుడు ఎలా ఉండేవాడో అడగండి. ఆమె చెప్పిన సంగతిని బొమ్మగా వేసి ఆమెకే చూపించండి. మా దగ్గరకు వచ్చే ఒకామె, భర్త ఐదేళ్ల వయసులో గొర్రెపిల్లను బడికి తీసుకుపోయిన కథను గీసి అత్త చేతిలో పెట్టింది. బొమ్మలో గొర్రె కుక్కలా ఉంది. అత్త నవ్వి, ఏడ్చి, రంగుల డబ్బాను తనే గూట్లో పెట్టింది.

అన్ని ఇళ్లలో ఇలా జరగదు. జరగకపోతే అనుమతి కోసం ఏళ్ల తరబడి కాచుకోవద్దు. రోజులో ఒక గంట, తాళం ఉన్న ఒక ట్రంకు పెట్టె, రంగులకు మీ చేతిలో మీ డబ్బు, ఈ మూడూ చూసుకోండి. బొట్టు, పూలు, చీర రంగు విషయాల్లో ఊరు పెట్టే ఆంక్షలకు మీరు తలవంచాలో వద్దో మీ ఇష్టం. కాగితం మీద వేసే రంగుకు మాత్రం ఎవరి శాస్త్రమూ లేదు.

చిన్నపిల్లలకు ఎలా చెప్పాలి? వాళ్ల చేత ఏం చేయించాలి?

ముందు అబద్ధం మానాలి. నాన్న ఊరికి వెళ్లాడంటే బిడ్డ ప్రతి బస్సు దగ్గరా నిలబడతాడు, నిద్రపోయాడంటే తను పడుకోవడానికి భయపడతాడు. చనిపోయాడు, ఇక రాడు అని చెప్పి, అడిగినన్నిసార్లు అదే జవాబు చెప్పాలి.

పిల్లలు ‘నా బాధ’ అని మాట్లాడలేరు, బొమ్మ నోటితో మాట్లాడతారు. ధర్మవరం దగ్గరున్న నిమ్మలకుంట, 2022 వరకు అనంతపురం జిల్లాలోనూ ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోనూ ఉన్న ఆ ఊరు, తోలుబొమ్మలకు పేరుపొందింది. ఆ కళకే అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. పిల్లలకు తోలు అక్కరలేదు. పాత అట్టపెట్టెతో బొమ్మలు కోసి, వెదురు పుల్లలు కట్టి, తెల్ల పంచె వెనుక టార్చిలైటు పెడితే చాలు. తెర వెనుక బిడ్డ కనిపించడు కనుక ఎదురుగా చెప్పలేనిది అక్కడ చెబుతాడు. తోలుబొమ్మలాటలో ఎంత విషాద ఘట్టంలోనైనా బంగారక్క, జుట్టుపోలిగాడు దూరి నవ్విస్తారు. మీ బిడ్డ ఆటలోనూ నవ్వు రావచ్చు, తండ్రి బొమ్మను కిందపడేసి నవ్వవచ్చు. కసురుకోవద్దు.

రాసింది ఫేస్‌బుక్‌లో, వాట్సాప్‌లో పెట్టవచ్చా?

నెల ఆగండి. ఈలోగా అందులో పేర్లున్నవారికి చదివి వినిపించండి. ఆసుపత్రి ఖర్చులు, ఆస్తి తగాదాలు, జబ్బు పేర్లు పోయినవారివే కాదు, బతికున్నవారి పరువు కూడా. ఎన్ని లైకులు వచ్చాయో చూసుకోవడం మొదలైతే మీరు పాఠకుల కోసం ఏడవడం మొదలుపెట్టినట్లే.

## ఏడాది తరువాత

సంవత్సరీకం అయిపోయింది, ఇంకా ఆయనకు ఉత్తరాలు రాస్తూనే ఉన్నాను. వదలలేకపోతున్నానా?

వదలాలన్న నియమం ఎక్కడిది? ఏటా తద్దినం పెట్టి, ఇష్టమైనవి వండి, పేరు తలచుకునే మనకు బంధం తెగకుండా ఉండటం కొత్త కాదు. పాశ్చాత్య శాస్త్రజ్ఞులే 1996 నాటికి కొనసాగే బంధాల గురించి గట్టిగా రాశారు. ఉత్తరంలో ఇప్పటి సంగతులు కూడా వస్తున్నాయా అన్నది చూసుకోండి. వస్తుంటే ఏ ఇబ్బందీ లేదు.

మొదలుపెట్టింది పూర్తి చేయలేకపోయాను. సగం కుట్టిన బొంత చూస్తే సిగ్గుగా ఉంది.

లేపాక్షి గుడికి వెళ్లినప్పుడు కల్యాణమండపం చూడండి. పదహారో శతాబ్దంలో మొదలైన ఆ మండపం కప్పు లేకుండా స్తంభాలతోనే నిలిచి ఉంది; ఆ గుడి కట్టించిన విరూపణ్ణ తన కళ్లను తానే పెరికి గోడకు కొట్టాడన్న కథను అక్కడివారు ఎర్రటి మరకలు చూపి చెబుతారు. కథ మాట ఎలా ఉన్నా, జనం ఆ సగం మండపం దగ్గరే ఎక్కువసేపు నిలబడతారు. మీ బొంతను మడిచి పెట్టండి. దారం తీయనక్కరలేదు.

స్వేచ్ఛ, స్వేచ్ఛ అంటుంటారు. దుఃఖం నుంచి స్వేచ్ఛ అంటే మరచిపోవడమేనా?

కాదు. మొదటి ఏడాది దుఃఖం తన ఇష్టం వచ్చినప్పుడు వస్తుంది: బస్టాండులో బీడీ వాసన తగిలినప్పుడు, ఎవరి ఫోనో అదే పాటతో మోగినప్పుడు. మీకు అందులో మాట ఉండదు. దాన్ని పుస్తకంలోనో, బొంతలోనో, పాటలోనో పెట్టిన తరువాత దానికి ఒక చిరునామా ఏర్పడుతుంది. మీరే వెళతారు, కూర్చుంటారు, లేచి వస్తారు. బస్టాండులో పట్టుకోవడం పూర్తిగా ఆగదు, కానీ వెళ్లిరావడం మీ చేతిలోకి కొంత వస్తుంది.

ఇంకొకటి ఉంది. ఊరు మిమ్మల్ని ‘పోయినాయన భార్య’ అనో, ‘బిడ్డను పోగొట్టుకున్న తల్లి’ అనో ఒక్క పేరుతోనే చూస్తుంది, కొన్నాళ్లకు మీరూ అలాగే చూసుకుంటారు. కుట్టేటప్పుడు మాత్రం ఎర్రదారమా పచ్చదారమా అన్నది మీరే తేల్చాలి. భర్త ఉన్నప్పుడు చీర రంగు కూడా తాను ఎంచుకోని ఒకామె మొదట దారం రంగు ఎంచుకున్నది, తరువాత బొమ్మ తానే వేసుకున్నది, యాభై రెండో ఏట స్కూటీ నేర్చుకున్నది. మొదటి నిర్ణయం చిన్నదైనా అది తనదేనని ఆమె ఇప్పటికీ అంటుంది.

దీన్ని పెంచి చెప్పడం నాకిష్టం లేదు. పాట అప్పులవాణ్ణి వాకిట్లో నుంచి పంపదు. భూమి మీ పేరుకు మారాలంటే తహసీల్దారు కార్యాలయంలో కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకోవలసిందే. ఆ తిరుగుడును వాయిదా వేసి కవిత్వం రాస్తున్నవారిని నేను ముందు కార్యాలయానికి పంపుతాను.

నిండిన నోటుపుస్తకాన్ని ఏం చేయాలి? కాల్చాలా, నదిలో వదలాలా, దాచాలా?

మూడూ చేసినవారు మాలో ఉన్నారు. కాల్చదలిస్తే ఆరు నెలలు ఆగి కాల్చండి, కాలినది తిరిగి రాదు. తుంగభద్రలో వదలదలిస్తే ప్లాస్టిక్ అట్ట, స్టేపుల్ పిన్నులు తీసి వదలండి. పుష్కరాల తరువాత ఘాట్ల దగ్గర ఏమేమి తేలుతాయో చూసినవారికి ఈ మాట చెప్పనక్కరలేదు. దాచదలిస్తే బాల్ పెన్నుతో రాయండి, జెల్ పెన్ను సిరా తడి తగిలితే అలుక్కుపోతుంది. పెట్టెలో ఎండిన వేపాకు వేయండి, కర్నూలు పాతబస్తీ వంటి పల్లపు చోట ఉంటే పెట్టెను అటక మీద పెట్టండి. మీ తరువాత దాన్ని ఎవరు చదవవచ్చో, ఎవరు చదవకూడదో మొదటి పేజీలోనే రాయండి. నాది ఇనుప ట్రంకులో, నూలు బొంత కింద ఉంది. తాళంచెవి ఎక్కడుందో మా అమ్మాయికి చెప్పాను, నేనుండగా తీయవద్దని కూడా చెప్పాను.